ఆసుపత్రి బిల్లు: చెల్లించే ముందు చదవండి

రోగి కోలుకుని ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరే రోజు ఆ కుటుంబానికి పండుగలాంటి రోజు కావాలి. అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకుని, ఇరుగుపొరుగుకు శుభవార్త వినిపించవలసిన రోజు అది. కాని నేడు అనేక కుటుంబాలకు ఆ రోజే గుండెదడ మొదలవుతోంది. ఉదయం డాక్టరు 'ఇంటికి వెళ్ళవచ్చు' అంటారు. మధ్యాహ్నానికి నాలుగైదు పుటల బిల్లు చేతికి వస్తుంది. చివరి అంకె చూసిన తర్వాత ఆ పుటలను తిరగేసే ధైర్యం ఎవరికీ ఉండదు. ఎవరో నగలు తీసుకుని దుకాణానికి పరుగెడతారు, ఇంకెవరో వడ్డీ వ్యాపారికి ఫోను చేస్తారు. బిల్లులో ఏముందో మాత్రం ఎవరూ చదవరు.

గత సంవత్సరం మా కుటుంబం కూడా సరిగ్గా ఈ స్థితిలోనే నిలబడింది. ఆ అనుభవం మాకు నేర్పిన పాఠాలనూ, ఆ తర్వాత తెలుసుకున్న నియమాలనూ పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. వైద్యులను నిందించాలన్నది మా అభిమతం కాదు. మా ఖాలాకు స్వస్థత చేకూరింది ఆ వైద్యుల చేతుల మీదుగానే. అయితే వైద్యం పట్ల కృతజ్ఞత వేరు, లెక్క సరిచూసుకోవటం వేరు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు, ఉండాలి కూడా.

మా ఇంట జరిగింది

మా పెద్ద ఖాలాకు పిత్తాశయంలో రాళ్ళున్నాయని తేలింది. గుంటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషను నిర్ణయమైంది. మూడు రోజులు ఉండాలనీ, మొత్తం ప్యాకేజీ 75,000 రూపాయలనీ ఒక కాగితంపై రాసి ఇచ్చారు. ఖాలా పెద్ద కుమారుడు కుట్టుపని దుకాణం నడుపుతాడు. అతడు 50,000 రూపాయలు అడ్వాన్సుగా కట్టాడు.

సోమవారం ఆపరేషను జరిగింది. ఆ రాత్రి ఐసీయూలో ఉంచి, మంగళవారం ఉదయం వార్డుకు మార్చారు. బుధవారం జ్వరం వచ్చింది. ఇన్‌ఫెక్షను అన్నారు. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. మూడు రోజులనుకున్నది వారం దాటింది. మరుసటి సోమవారం బిల్లు వచ్చింది: 1,68,400 రూపాయలు. అడ్వాన్సు పోగా ఇంకా 1,18,400 కట్టాలి. ఇంట్లో ఉన్నది 40,000.

ఖాలా మంచం మీద నుంచే తన చేతి గాజులు తీసి కొడుకు చేతిలో పెట్టబోయింది. మనవరాలి నికాహ్ కోసం దాచుకున్న గాజులవి. "అమ్మీ, కాసేపు ఆగు. ముందు ఈ కాగితం చదవనివ్వు" అన్నాడతడు. ఆ ఒక్క మాటే ఆ రోజు మమ్మల్ని కాపాడింది.

మేము నలుగురం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని బిల్లు చదవటం మొదలుపెట్టాము. మొదటి పుటలో 'మందులు', 'ఇతర చార్జీలు', 'ప్రొసీజర్ చార్జీలు' అని మొత్తాలు మాత్రమే ఉన్నాయి. వాటిని బట్టి ఏమీ తెలియలేదు. కౌంటరు దగ్గరకు వెళ్ళి ప్రతి వస్తువూ, ప్రతి తేదీ విడివిడిగా ఉన్న వివరమైన బిల్లు కావాలని అడిగాము. "కంప్యూటరులో వచ్చిన బిల్లు సార్, ఇందులో మార్చేదేమీ ఉండదు" అన్నాడు అక్కడి యువకుడు. మార్చమని మేము అడగటం లేదనీ, వివరం మాత్రమే అడుగుతున్నామనీ చెప్పి, ఒక తెల్లకాగితం మీద అర్జీ రాసి ఇచ్చాము. గంటలో పదకొండు పుటల బిల్లు వచ్చింది.

మా ఆడపడుచు ఆ వారమంతా ఖాలా దగ్గరే ఉంది. పిల్లల పాత నోటుపుస్తకంలో ఏ రోజు ఏ డాక్టరు వచ్చారో, ఏ పరీక్షకు రక్తం తీసుకున్నారో, ఏ మందు తెచ్చారో రాసుకుంది. ఎందుకు రాస్తున్నావని అప్పుడు మేము నవ్వాము కూడా. ఆ నోటుపుస్తకాన్నీ, ఆ పదకొండు పుటలనూ పక్కపక్కన పెట్టి చూడగా తేలినవి ఇవి:

ఐసీయూ రెండు రోజులకు లెక్కగట్టారు. మంగళవారం ఉదయమే వార్డుకు మార్చారు, అదే తేదీకి వార్డు అద్దె కూడా పడింది. అదనంగా పడింది 9,500.

వాడకుండా మందుల దుకాణానికి తిరిగి ఇచ్చిన మందుల రశీదు మా దగ్గర ఉంది. ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గించలేదు. అది 6,240.

ఒకే రక్తపరీక్ష ఒకే తేదీన రెండుసార్లు నమోదైంది. నోటుపుస్తకం ప్రకారం రక్తం తీసింది ఒక్కసారే, రిపోర్టు కూడా ఒక్కటే వచ్చింది. అది 1,850.

సర్జన్ ఎనిమిదిసార్లు చూసినట్లు విజిట్ చార్జీ వేశారు. కేస్ షీటులో ఆయన రాతలున్నవి ఐదు రోజులకే. మిగిలిన మూడు రోజులు డ్యూటీ డాక్టరు మాత్రమే చూశారు. వెయ్యి చొప్పున 3,000.

గ్లవ్స్, దూది, గాజుగుడ్డ, కుట్లదారం ప్యాకేజీలోనే ఉన్నాయని ముందు రాసి ఇచ్చిన కాగితం చెబుతోంది. వాటికి మళ్ళీ విడిగా 7,400 వేశారు.

అన్నీ కలిపితే 27,990 రూపాయలు. ఈ ఐదు అంశాలనూ తేదీలతో సహా ఒక పుటలో రాసి బిల్లింగ్ మేనేజరుకు ఇచ్చాము. ఆయన కేస్ షీటు తెప్పించి చూశారు. రెండు గంటల తర్వాత 1,40,410 రూపాయలకు సవరించిన బిల్లు వచ్చింది. ఎవరితోనూ గొడవ పడలేదు, ఎవరూ గొంతు పెంచలేదు.

అనుమానం వేరు, రుజువు వేరు

ఇక్కడ మా తప్పును కూడా చెప్పటం న్యాయం. ఆ బిల్లులో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది ఆ ఐదు అంశాలలో ఏదీ కాదు. పది ఇంజెక్షన్లకు 18,600 రూపాయలు వేసిన ఒక్క పంక్తి. 'ఇవ్వని ఇంజెక్షన్లకు డబ్బు గుంజుతున్నారు' అని మాలో ఒకరు వార్డులోని నర్సు ముందే అనేశారు. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఏమీ అనకుండా మందుల చార్టు తెచ్చి చూపింది. బుధవారం ఉదయం నుంచి ఆదివారం సాయంత్రం వరకు, రోజుకు రెండు చొప్పున, సమయమూ సంతకమూ సహా పది నమోదులు ఉన్నాయి. మా నోటుపుస్తకంలోనూ అవే ఉన్నాయి. కంగారులో మేమే సరిగా చూడలేదు. ధర కూడా సీసాల మీది ఎమ్మార్పీకి మించలేదు. ఖాలా జ్వరం తగ్గించింది ఆ మందే. మేము ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుకున్నాము.

విన్న వార్తను నిర్ధారించుకోవాలనీ, అనుమానాలకు దూరంగా ఉండాలనీ, కొన్ని అనుమానాలు పాపమవుతాయనీ హుజురాత్ సూరా మనకు బోధిస్తుంది. మనకు హక్కుగా రావలసినదాన్ని అడిగేటప్పుడు కూడా ఈ బోధ వర్తిస్తుంది. బిల్లు పెద్దదైనంత మాత్రాన అది తప్పుడు బిల్లు కాదు. జ్వరం వల్ల గడిచిన అదనపు రోజులకు అయిన ఖర్చు నిజమైన ఖర్చే, దాన్ని చెల్లించటం మన బాధ్యత. జరగని పనికి వేసిన చార్జీ మాత్రం అన్యాయమే. తూకాలలో మోసాన్ని గట్టిగా ఖండించిన ధర్మం మనది. ఆ త్రాసుకు రెండు పళ్ళేలు ఉంటాయన్న సంగతి మనం మరువరాదు.

బిల్లు ఎందుకు పెరుగుతుంది?

ముందు చెప్పిన మొత్తానికీ చివరి మొత్తానికీ తేడా రావటానికి కొన్ని కారణాలు సహజమైనవి, కొన్ని కావు. వాటిని వేరుచేసి తెలుసుకుంటే సగం భయం పోతుంది.

మొదటిది ప్యాకేజీ. ప్యాకేజీ అంటే అన్నీ కలిసిన ధర అని మనం అనుకుంటాము. కాని చాలాచోట్ల మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లు, రక్తం, మత్తు డాక్టరు ఫీజు అందులో ఉండకపోవచ్చు. నిర్ణీత రోజులు దాటితే ప్రతి రోజుకూ విడిగా లెక్క మొదలవుతుంది.

రెండవది గది. చాలా ఆసుపత్రులలో గది తరగతిని బట్టి అద్దె మాత్రమే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషను చార్జీ, పరీక్షల ధర కూడా మారుతాయి. జనరల్ వార్డులో ఒక ధర ఉన్న చికిత్సకే ప్రత్యేక గదిలో మరో ధర ఉంటుంది. బంధువులు వచ్చిపోతుంటారని గది మార్చుకునే ముందు ఈ విషయం అడిగి తెలుసుకోవాలి.

మూడవది చిల్లర వస్తువులు. గ్లవ్స్, సిరంజీలు, మాస్కులు, ప్యాడ్లు ఒక్కొక్కటి చిన్న మొత్తమే. వందల సంఖ్యలో నమోదైనప్పుడు వేలవుతాయి. ఒక్క రోగికి ఒక్క రోజులో ఎన్ని వాడి ఉండవచ్చునో ఆలోచిస్తే సందేహం దానంతట అదే బయటపడుతుంది.

నాలుగవది నమోదులో పొరపాటు. రద్దు చేసిన పరీక్ష, వాపసు ఇచ్చిన మందు, గది మారిన రోజు, ఈ మూడు చోట్ల తప్పులు దొర్లే అవకాశం ఎక్కువ. ఇవన్నీ మోసం కానక్కరలేదు. ఒక విభాగం రాసినది మరో విభాగానికి చేరకపోవటమే చాలాసార్లు కారణం. అయితే పొరపాటైనా మోసమైనా నష్టపోయేది మన జేబే కాబట్టి రెండింటికీ వైద్యం ఒక్కటే: చదవటం, అడగటం.

చేరే ముందు

అత్యవసర స్థితిలో బేరాలకు వ్యవధి ఉండదు. ప్రాణం ముందు, లెక్క తర్వాత. ప్రమాదంలో గాయపడినవారికి వెంటనే చికిత్స చేయటం ప్రతి వైద్యుని బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో స్పష్టం చేసింది. కాని ముందుగా నిర్ణయించుకుని చేయించే ఆపరేషనుకు కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో ఈ ప్రశ్నలు అడగండి.

ప్యాకేజీలో ఏవి ఉన్నాయి, ఏవి లేవు? ఎన్ని రోజులకు? ఐసీయూ అవసరమైతే రోజుకు ఎంత? మత్తు డాక్టరు ఫీజు కలిసిందా? ఇంప్లాంటు వేస్తే ఏ కంపెనీది, ధర ఎంత? ఈ జవాబులను కాగితం మీద రాయించుకుని, ఆసుపత్రి ముద్ర వేయించుకోండి. నోటిమాటగా విన్న అంకె చివరి రోజున ఎవరికీ గుర్తుండదు.

అప్పు వ్యవహారాలను రాసిపెట్టుకోవాలనీ, సాక్షులను ఉంచుకోవాలనీ ఆదేశించే ఆయత్ దివ్య ఖుర్‌ఆన్‌లోని ఆయత్‌లన్నిటిలో పొడవైనది. చిన్న మొత్తమైనా పెద్ద మొత్తమైనా రాయటానికి బద్ధకించవద్దని కూడా అందులోనే ఉంది. వేల రూపాయల చికిత్సకు ఒప్పుకునేటప్పుడు రాతకోతలు అడగటం మర్యాద తక్కువ పని ఎలా అవుతుంది? అది మనకు నేర్పిన పద్ధతే.

చికిత్స జరుగుతుండగా

రోగి దగ్గర ఉండేవారు ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. తేదీ, సమయం, వచ్చిన డాక్టరు, చేసిన పరీక్ష, తెచ్చిన మందు, వాడిన మందు, వాపసు ఇచ్చిన మందు, ఈ ఏడు విషయాలు రాస్తే చాలు. మందుల దుకాణం రశీదులన్నీ ఒకే కవరులో ఉంచండి. వాపసు ఇచ్చిన ప్రతిసారీ రశీదు అడిగి తీసుకోండి.

రెండు రోజులకొకసారి బిల్లింగ్ కౌంటరుకు వెళ్ళి అప్పటి వరకు అయిన మొత్తం ఎంతో తెలుసుకోండి. తప్పు రెండవ రోజే కనిపిస్తే సరిదిద్దటం సులభం. చివరి రోజున, వెనుక పది మంది వరుసలో నిలబడి ఉన్నప్పుడు కష్టం. ఖర్చు అనుకున్నదానికి మించిపోతున్నదని తెలిస్తే డాక్టరుతో దాపరికం లేకుండా మాట్లాడండి. అదే రసాయనం గల చవకైన మందు ఉందా, ఈ పరీక్ష ఇప్పుడే అవసరమా అని వినయంగా అడగటంలో సిగ్గుపడవలసినది లేదు.

మరో హెచ్చరిక. రోగి ఆసుపత్రిలో ఉండగా డాక్టరుననో, ఆసుపత్రి సిబ్బందిననో చెప్పుకుంటూ ఫోను చేసి, వెంటనే ఇంజెక్షను తెప్పించాలి, ఈ నంబరుకు డబ్బు పంపండి అని అడిగే మోసగాళ్ళు ఉన్నారు. ఆందోళనలో ఉన్న కుటుంబం ఆలోచించకుండా పంపేస్తుంది. ఆసుపత్రి కౌంటరులో, రశీదు తీసుకుని తప్ప ఎక్కడా చెల్లించవద్దు.

బిల్లు చేతికి వచ్చాక

మొదట వివరమైన బిల్లు అడగండి. దానితో పాటు డిశ్చార్జి సమ్మరీ, పరీక్షల రిపోర్టులు తీసుకోండి. వీలైతే కేస్ షీటు నకలు కోరండి. వైద్య రికార్డులు కోరిన 72 గంటలలోగా ఇవ్వాలని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి చెబుతోంది.

తర్వాత నాలుగు విషయాలు సరిచూడండి. గది రోజులు, తేదీలు సరిపోయాయా? బిల్లులో ఉన్న ప్రతి పరీక్షకూ రిపోర్టు ఉందా? డాక్టరు విజిట్ల సంఖ్య కేస్ షీటుతో సరిపోయిందా? మందుల సంఖ్య చార్టుతో, ధర ఎమ్మార్పీతో సరిపోయాయా?

గుండె రక్తనాళంలో స్టెంట్ వేసి ఉంటే మరింత జాగ్రత్త అవసరం. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ స్టెంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. అదే సంవత్సరం ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్ల ధరలకు కూడా పరిమితి విధించింది. స్టెంట్ బ్రాండు పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు, ధర బిల్లులో విడిగా చూపాలన్నది నియమం. మందుల గరిష్ఠ ధరలు తెలుసుకోవటానికి ఆ సంస్థ రూపొందించిన 'ఫార్మా సహీ దామ్' అనే యాప్ ఉంది.

తేడాలు కనిపిస్తే ఆవేశపడకుండా, ఒకే పుటలో, అంశాల వారీగా రాసి ఇవ్వండి. 'మీరు దోచుకున్నారు' అనే మాటకు జవాబు రాదు. 'మంగళవారం తేదీన ఐసీయూ, వార్డు రెండూ పడ్డాయి' అనే మాటకు జవాబు చెప్పక తప్పదు. అర్జీ నకలు మీద అందినట్లు సంతకం తీసుకోండి. వివాదం లేని మొత్తాన్ని చెల్లించటానికి సిద్ధంగా ఉన్నామని అందులోనే రాయండి. ఆ ఒక్క వాక్యం మన నిజాయితీకి సాక్ష్యం.

నియమాలు ఏమంటున్నాయి?

ప్రైవేటు ఆసుపత్రుల నమోదుకు, నియంత్రణకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే చట్టం చేసింది. కేంద్రం 2010లో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం తెచ్చింది. చికిత్సల ధరలను అందరికీ కనిపించే చోట స్థానిక భాషలోనూ, ఇంగ్లీషులోనూ ప్రదర్శించాలని ఆ కేంద్ర చట్టం కింద 2012లో చేసిన నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదు చేయదలచినవారు జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి, అనగా డీఎంహెచ్‌వోకు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు.

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రాన్ని రూపొందించింది. ధరలు ముందుగా తెలుసుకునే హక్కు, వివరమైన బిల్లు పొందే హక్కు, మందులు, పరీక్షలు తమకు నచ్చినచోట తెచ్చుకునే హక్కు అందులో ఉన్నాయి. బిల్లు వివాదం కారణంగా రోగిని గాని, మరణించినవారి భౌతికకాయాన్ని గాని ఆపి ఉంచరాదని కూడా అందులో ఉంది. జనాజా ఆలస్యం కారాదని తపించే మన కుటుంబాలకు ఈ ఒక్క హక్కు తెలిసి ఉండటం ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. అయితే ఇది హక్కుల పత్రమే గాని స్వయంగా శిక్షలు విధించే చట్టం కాదు. దాని అమలు రాష్ట్రాల మీద ఆధారపడి ఉంది. కాబట్టి దీన్ని పోట్లాటకు ఆయుధంగా గాక, రాతపూర్వక విన్నపానికి ఆధారంగా వాడుకోవటం మేలు. నిర్బంధం తప్పని పరిస్థితి వస్తే పోలీసులను ఆశ్రయించవచ్చు.

కోవిడ్ కాలం ఈ విషయంలో మనకు ఒక ఉదాహరణ. 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రులలో కోవిడ్ చికిత్సకు రోజుకు సాధారణ వార్డులో 4,000, ఐసీయూలో 7,500, వెంటిలేటరుతో 9,000 రూపాయలని గరిష్ఠ ధరలు నిర్ణయించింది. ఆ ఉత్తర్వు ఉన్నదని తెలిసిన కుటుంబం అడగగలిగింది. తెలియని కుటుంబం అడగలేకపోయింది. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, అది మన ఇంటికి కూడా తెలిసి ఉండాలి.

ఆసుపత్రి వినకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2019 నాటి కొత్త చట్టం ప్రకారం, వివాదం తలెత్తిన రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల వరకు ఉంటే ఫీజు లేదు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. ముందుగా సలహా కోసం జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు.

ఆరోగ్యశ్రీ, బీమా ఉన్నవారు

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి ఇచ్చే వైద్య సహాయాన్ని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సేవ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. జాబితాలో ఉన్న ఆసుపత్రులలో ఆరోగ్య మిత్ర అనే ఉద్యోగి ఉంటారు. చేరిన రోజే ఆయనను కలవాలి. పథకం కింద మంజూరైన చికిత్సకు విడిగా డబ్బు అడిగితే వెంటనే ఆరోగ్య మిత్రకు చెప్పండి, 104కు ఫోను చేయండి. చాలామంది డబ్బంతా కట్టిన తర్వాత కార్డు గుర్తుచేసుకుంటారు. అప్పటికి ఆలస్యమవుతుంది.

బీమా గురించి పండితుల మధ్య ఉన్న చర్చ ఈ వ్యాసం పరిధి కాదు. ఉద్యోగరీత్యా సంస్థలు ఇచ్చిన బీమా మన కుటుంబాలలో చాలామందికి ఉంది. అటువంటివారు గది అద్దె పరిమితిని తప్పక చూసుకోవాలి. పరిమితి రోజుకు 3,000 ఉన్నప్పుడు 6,000 రూపాయల గదిలో చేరితే, కోత గది అద్దెతో ఆగదు. అటువంటి షరతు ఉన్న పాలసీలలో డాక్టరు ఫీజు, ఆపరేషను చార్జీ వంటి వాటిలో కూడా అదే నిష్పత్తిలో, అంటే సగం, మన మీద పడవచ్చు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చుకు ఈ కోత వర్తించదు. నగదు రహిత చికిత్సలో డిశ్చార్జి అనుమతిని మూడు గంటలలోగా ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. ఆ గడువు దాటటం వల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేసే మొత్తాన్ని బీమా కంపెనీయే భరించాలి.

డబ్బు చాలనప్పుడు

బిల్లు సవరించిన తర్వాత కూడా మేము 90,410 రూపాయలు కట్టవలసి ఉంది. చేతిలో 40,000 ఉన్నాయి. ఒక పరిచయస్థుడు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు ఇప్పిస్తానన్నాడు. ఖాలా ఒప్పుకోలేదు. "రోగం తగ్గి ఇంటికి పోతున్నాను. హరామ్‌ను వెంట తీసుకుపోనా బేటా?" అంది.

దగ్గరి బంధువులు ఇద్దరు కలిసి 30,000 ఖర్జె హసనగా ఇచ్చారు. ఇంటివారే కదా అని ఊరుకోకుండా మొత్తమూ, గడువూ రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించాము. మిగిలిన 20,410 రూపాయలకు పదిహేను రోజుల గడువు ఇమ్మని బిల్లింగ్ మేనేజరునే అడిగాము. ఆయన కాసేపు ఆలోచించి, రాసి ఇవ్వమన్నారు. రాసి ఇచ్చాము. పన్నెండవ రోజున కట్టాము. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వమని మన ధర్మం అప్పు ఇచ్చినవారికి చెబుతుంది. శక్తి ఉండి కూడా చెల్లింపు వాయిదా వేయటం దౌర్జన్యమని దైవప్రవక్త (స) అప్పు తీసుకున్నవారిని హెచ్చరించారు. ఆ ఆసుపత్రి మేనేజరు మొదటిది పాటించారు. రెండవది పాటించటం మా వంతు అయింది.

జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో రుణభారంతో కుంగినవారూ ఒకరు. మన మస్జిద్ కమిటీలు, బైతుల్‌మాల్ నిర్వాహకులు రంజాన్ నెలతో ఆగకుండా ఏడాది పొడవునా వైద్య అవసరాలకు కొంత నిధి కేటాయిస్తే ఎన్నో ఇండ్లలోని గాజులు చేతులకే ఉంటాయి. ఇంకొక పని కూడా చేయవచ్చు. ప్రతి మహల్లాలోనూ చదువుకున్న యువకులో, పదవీ విరమణ చేసిన ఉద్యోగులో ఒకరిద్దరు ఉంటారు. ఆసుపత్రి బిల్లు చదివి పెట్టటం, అర్జీ రాసి పెట్టటం, ఆరోగ్య మిత్రను కలిపించటం వారు చేయగల సేవ. రోగిని పరామర్శించటం పుణ్యకార్యమని మనకు తెలుసు. పండ్ల సంచితో పాటు ఒక గంట సమయం కూడా తీసుకుపోయి, ఆ కుటుంబంతో కూర్చుని బిల్లు చదివితే ఆ పరామర్శ మరింత సార్థకమవుతుంది.

ఖాలా ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది. గాజులు ఆమె దగ్గరే ఉన్నాయి. మనవరాలి నికాహ్ వచ్చే షవ్వాల్‌లో నిశ్చయమైంది. మా ఆడపడుచు రాసిన ఆ నోటుపుస్తకం మా ఇంట్లో రేషను కార్డు, ఆధార్ కార్డుల పక్కనే ఉంది. అందులో ఇంకా ఖాళీ పుటలున్నాయి. అవి నిండవలసిన అవసరం రాకూడదన్నదే మా ప్రార్థన.

అల్లాహ్ మన రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! మన సంపాదననూ, మన చెల్లింపులనూ ధర్మబద్ధం చేయుగాక! ఆమీన్.